సయాం పోయినవాళ్ళ పేర్లు

అందరికీ నమస్కారం.

మీలో థాయ్‌లాండ్‌లో, అంటే అప్పటి సయాంలో, కాంచనబురి ఊళ్ళో ఉన్న రెండో ప్రపంచ యుద్ధ శ్మశానం చూసినవాళ్ళు ఉండే ఉంటారు. వరసగా పొట్టి రాళ్ళు, ఒక్కో రాతి మీద కంచు పలక. పేరు, సైన్యంలో నంబరు, పోయిన తేదీ, వయసు. కొన్నిటి కింద ఇంట్లోవాళ్ళు రాయించిన ఒక మాట. దాదాపు 7,000 మంది, బ్రిటిష్, ఆస్ట్రేలియన్, డచ్ యుద్ధఖైదీలు. అక్కడ మన తెలుగు కూలీల కోసం వెతికితే ఒక్క పేరూ దొరకదు.

1942-43లో జపాన్ సైన్యం సయాం నుంచి బర్మాకి 415 కిలోమీటర్ల రైలు మార్గం వేయించింది. ఆ పనిలో ఖైదీలు 12 వేల మందికి పైగా చనిపోయారు. కూలీలు ఎంతమంది చనిపోయారో అంచనాలే దిక్కు. 90 వేలంటారు. మలయా (ఇప్పటి మలేసియా) రబ్బరు తోటల్లోంచి తీసుకుపోయిన తమిళులు, మన తెలుగువాళ్ళు, బర్మావాళ్ళు, జావావాళ్ళు. మూడు నెలల పని, రోజుకో డాలరు కూలీ అన్నారు. పెళ్ళాం బిడ్డలతో బయల్దేరినవాళ్ళూ ఉన్నారు. 1943 వానల్లో కలరా వచ్చి క్యాంపులకి క్యాంపులే ఖాళీ అయిపోయాయి.

ఖైదీల్లో అధికారులు చనిపోయినవాళ్ళ లిస్టులు దొంగచాటుగా రాశారు. కొన్నిచోట్ల ఆ కాగితాలు సమాధుల్లోనే దాచారు. యుద్ధం ముగిశాక, 1945లోనే ఒక బృందం ఆ దారంతా తిరిగి 10 వేలకు పైగా సమాధులు గుర్తించింది. దొరకనివి 52 మాత్రమే. యాభై రెండు! మన కూలీ పోతే రాసుకునేవాడు ఎవడు? వేలిముద్ర వేసే మనిషి, పక్కన పడుకున్నవాడూ రేపోమాపో పోయేవాడే.

1990లో కాంచనబురిలో ఒక చెరుకు తోట తవ్వితే వందల అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఒక్కదానికీ పేరు లేదు.

రాసిన కాస్త చరిత్రలో కూడా మనవాళ్ళు 'తమిళ కూలీలు' అన్న మాటలో కలిసిపోయారు. ఇది తమిళుల తప్పు కాదు. వాళ్ళు పట్టువదలకుండా తిరిగారు కాబట్టే 2023లో అక్కడి గుడిలో తమవాళ్ళ కోసం నడుకల్, అంటే పోయినవాళ్ళ గుర్తుగా పాతే రాయి, నిలబెట్టుకున్నారు. మనం అడగలేదు. నాకు బాధగా ఉండేది ఇదే.

మీ ఇళ్ళలో 'తాత సయాం పోయి మళ్ళీ రాలేదు' అన్న మాట వినే ఉంటారు. గుమ్మం దగ్గర బల్ల మీద నోట్‌బుక్ పెట్టాం. పేరు తెలిస్తే పేరు రాయండి. తెలియకపోతే తోట పేరు, విశాఖ వైపు ఏ ఊరి నుంచి వచ్చారో అది. ముసలమ్మ ఏమని పిలిచేదో అదైనా సరే, రాసి వెళ్ళండి.