సినిమాకు ముందు నాలుగు మాటలు

అందరికీ నమస్కారం, కియా ఓరా. పెద్దలందర్నీ పేరుపేరునా పలకరించాలి, కానీ పిల్లలు అప్పుడే పాప్‌కార్న్ సగం ఖాళీ చేశారు. క్షమించండి, నేరుగా విషయంలోకి వస్తాను.

ఇవాళ వేస్తున్నది ‘హంట్ ఫర్ ద వైల్డర్‌పీపుల్’. తైకా వైటీటీ తీసిన సినిమా, 2016లో వచ్చింది. కొంత భాగం ఇక్కడే, న్యూజిలాండ్‌లో మన ఆక్లండ్ పక్కన వైటాకెరే కొండల్లో తీశారు. రికీ అనే మావోరీ కుర్రాడు, అంటే ఈ దేశపు మూలవాసుల పిల్లాడు, ప్రభుత్వం పెంపకానికి పెట్టిన ఇళ్లు మారి మారి బెల్లా, హెక్ అనే దంపతుల ఫారానికి చేరతాడు. కొన్నాళ్లకు బెల్లా చనిపోతుంది. పిల్లల సంరక్షణ చూసే వెల్ఫేర్ శాఖ వాళ్లు మళ్లీ పట్టుకుపోతారని రికీ అడవిలోకి పారిపోతాడు. మిగతాది తెర మీద చూడండి, నేను మొదలుపెడితే క్లైమాక్స్ దాకా చెప్పేస్తాను.

నాకు ఈ పిల్లాడు ఎందుకు నచ్చాడంటే, మంచి పిల్లాడిగా ఉండాలన్న బాధ్యత వాడి మీద ఎవరూ పెట్టలేదు. లావుగా ఉంటాడు, కోతలు కోస్తాడు, హైకూలు కడతాడు, కుక్కకి టూపాక్ అని ర్యాప్ గాయకుడి పేరు పెడతాడు. సామ్ నీల్ వేసిన హెక్‌కి అడవి అంతా తెలుసు, అక్షరం ముక్క రాదు. చదువొచ్చినవాడు రికీయే. వాణ్ణి వెంటాడే వెల్ఫేర్ ఆఫీసర్ పాత్ర వేసిన రేచల్ హౌస్ కూడా మావోరీయే. తెల్లవాళ్లంతా చెడ్డ, మావోరీలంతా మంచి అని తేల్చేసి ఈ సినిమా చేతులు దులుపుకోలేదు.

నవ్విస్తుంది కానీ ఉత్త సరదా కథ కాదండీ. ఈ దేశ జనాభాలో మావోరీలు ఐదో వంతు కూడా లేరు. ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లల్లో మాత్రం సగానికి పైగా వాళ్లే. అలాంటి చోట్ల దశాబ్దాలుగా జరిగిన హింసకు 2024 నవంబరులో ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు.

ఇప్పుడు అసలు సంగతి. ఆమధ్య ఓ సంక్రాంతి సంబరంలో మన పిల్లల చేత ‘అడవి మనుషులు’ డాన్స్ వేయించారు. మొహాలకు నల్ల రంగు, ఆకుల లంగాలు, చేతిలో బల్లేలు, నోట్లో హో హో. అందరూ చప్పట్లు కొట్టారు, విజిల్స్ కూడా. ముందు వరసలో మనం పిలిచిన మావోరీ పెద్దావిడ ఉన్నారు. నా వైపు వంగి మర్యాదగానే అడిగారు: "వీళ్లు ఏ తెగ వాళ్లు?"

ఏం చెప్పమంటారు? చెంచులా? కోయలా? సవరలా? కొండరెడ్లా? ఎవరూ కాదు. మన పాత సినిమాల్లో హీరో హీరోయిన్లు అడవిలో దారి తప్పితే ఎదురొచ్చే గుంపు అది. ఊరు లేదు, పేరు లేదు, భాష కూడా లేదు.

ఆవిడకి ఆ ప్రశ్న సహజం. ఇక్కడ అడవికి మనుషులున్నారు. 2017లో కౌరి చెట్ల తెగులు ఆపడానికి వైటాకెరేలోకి ఎవరూ వెళ్లొద్దని రాహుయి, అంటే మావోరీ సంప్రదాయ నిషేధం, పెట్టింది ఆ అడవికి చెందిన తె కవెరావ్ ఆ మాకీ అనే మావోరీ తెగ వాళ్లు. పిక్నిక్ పాడైందని విసుక్కున్నవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. నవ్వకండి, మిమ్మల్నే.

ఆ ఆకుల లంగాలు ఇంకా ఎవరి గరాజ్‌లోనో ఉన్నాయట, ఈసారి సంక్రాంతికీ అదే ఐటమ్ అంటున్నారు. కమిటీవాళ్లు ఇక్కడే ఉన్నారు కాబట్టి అందరి ముందూ అడుగుతున్నాను: ఆ ఐటమ్ తీసేయండి. పిల్లలకు అడవి కథే కావాలంటే నేను రాసిస్తాను, రిహార్సల్స్‌కీ వస్తాను. అందులో ఎవరి కథ చెబుతున్నామో వాళ్ల పేరు ఉంటుంది.