అతుకు కనబడే పాట

అందరికీ నమస్కారం.

ఇందాక బయట ఇద్దరు మిత్రులు అవుట్‌కాస్ట్ అనే అమెరికా హిప్-హాప్ జంట గురించి గట్టిగా వాదించుకుంటుంటే నిలబడి విన్నాను. "ఆక్వెమినైతోనే వాళ్ళ పని అయిపోయింది, తర్వాతదంతా హంగామా" అంటాడు ఒకాయన. "స్టాంకోనియా రాకపోతే నువ్వు ఆక్వెమినై పేరే వినుండవు" అంటాడు రెండో ఆయన. ఆక్వెమినై 1998లో వచ్చిన ఆల్బం, స్టాంకోనియా 2000లో వచ్చింది. అప్పటినుంచీ ఈ తగవు తెగలేదు. అవుట్‌కాస్ట్ పేరుతో చివరి ఆల్బం వచ్చింది 2006లో. ఇన్నేళ్ళుగా కొత్త సరుకు లేకపోయినా అభిమానులు ఇంకా ఎందుకు కొట్టుకుంటున్నారు? ఈరోజు నా మాటలన్నీ దాని గురించే.

వాళ్ళ పాటలు విననివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆండ్రే బెంజమిన్, ఆంట్వాన్ పాటన్ అమెరికా దక్షిణాదిన ఉన్న అట్లాంటాలో హైస్కూల్ రోజుల స్నేహితులు. మనం పిలిచే పేర్లు ఆండ్రే 3000, బిగ్ బోయ్. మొదటి ఆల్బం 1994లో వచ్చింది.

వీళ్ళ పాటలు ఎందుకు పాతబడలేదని అడిగితే చాలామంది ఠక్కున చెప్పే జవాబు ఒకటుంది: అన్నీ కలిపారు కదా! ఫంక్, గాస్పెల్ అనే చర్చి పాటలు, రాక్, బ్లూస్, అన్నీ. నాకు ఆ జవాబు చాలదు. ఆ రోజుల్లో కలిపినవాళ్ళు బోలెడుమంది. రాక్ గిటార్ మీద ర్యాప్ అంటించిన పాటలు ఇప్పుడు వింటే చాలావాటికి ఏడాదితో సహా వయసు చెప్పేయొచ్చు. మిక్సీలో వేసి మెత్తగా రుబ్బేస్తే దేని రుచీ మిగలదు. వీళ్ళు చేసింది బొంత కుట్టడం. ఏ గుడ్డ ఎక్కడిదో తెలుస్తుంది, అతుకు కనబడుతుంది. అభిమానులు వేలు పెట్టి వాదించేది సరిగ్గా ఆ అతుకు దగ్గరే.

ఆక్వెమినైలో 'రోసా పార్క్స్' పాట తీసుకోండి. మామూలు హిప్-హాప్ పాటలాగే నడుస్తుంటుంది. మధ్యలో ఉన్నట్టుండి చప్పట్లు, కాళ్ళతో నేల తన్నే చప్పుడు, వాటి మీద ఒక హార్మోనికా. వాయించింది స్టూడియో కళాకారుడు కాదు, ఆండ్రే సవతి తండ్రి. ఆయన వృత్తి చర్చిలో పాస్టర్. ఆ ముక్క పల్లెటూరి ఆటపాటలదని కొందరు, చర్చిదని కొందరు. నా ఓటు చర్చికే. ఆ చప్పట్లలో ఆదివారం వినబడుతుంది నాకు. మీరు కాదన్నా నేను మార్చుకోను.

ఈ గుడ్డముక్కలు దుకాణంలో కొన్నవి కావు, చుట్టూ ఉన్నవే. వీళ్ళు పాట నేర్చుకున్న చోటు అలాంటిది. ఆర్గనైజ్డ్ నాయిజ్ అనే నిర్మాతల త్రయంలో రికో వేడ్ ఒకరు. వాళ్ళ అమ్మగారి ఇంటి కింద నేలమాళిగే వీళ్ళ స్టూడియో. మట్టి నేల, జార్జియా ఎర్రమట్టి. దాని పేరు డంజన్, అంటే చెరసాల. పాత రికార్డుల ముక్కలు తెచ్చి అతికించడం కంటే మనుషుల్ని పిలిచి వాయించడమే ఆ నిర్మాతలకు ఇష్టం. 'బి.ఓ.బి.' అనే పాటలో నిమిషానికి 150 దెబ్బలు దాటి డ్రమ్స్ పరుగెడుతుంటే వెనక పాడుతున్నది మోరిస్ బ్రౌన్ కాలేజీ గాస్పెల్ బృందం. అదీ అట్లాంటాదే.

1995 సంగతి మీలో చాలామందికి తెలుసు కాబట్టి సాగదీయను. న్యూయార్క్‌లో సోర్స్ అనే హిప్-హాప్ పత్రిక అవార్డుల రాత్రి, అమెరికా తూర్పు తీరం ర్యాపర్లు, పడమటి తీరం ర్యాపర్లు కత్తులు నూరుకుంటున్న సమయం. కొత్త బృందంగా అవార్డు వీళ్ళకొస్తే సభ 'బూ' అని అరిచింది. దక్షిణాదికీ చెప్పాల్సింది ఉందని ఆండ్రే ఒక్క ముక్క అని దిగిపోయాడు.

ఇక అసలు పెద్ద తగవు: ఇద్దరిలో గొప్ప ఎవరు? ఆండ్రే పిచ్చి మేధావి, బిగ్ బోయ్ నేల మీద నిలబడ్డ మనిషి. ఈ పంపకం వింటే నాకు ఒళ్ళు మండుతుంది. బిగ్ బోయ్‌కి ప్రాణమైన గాయని ఎవరో తెలుసా? బ్రిటన్‌కు చెందిన కేట్ బుష్! ఆ మాట ఆయన దాచుకోలేదు, దొరికిన చోటల్లా చెబుతూనే ఉంటాడు. పైగా తాళం మీద అక్షరాలు పరవడంలో ఆయనకు సాటి లేదు. వేగం పెరిగినా ఒక్క హల్లు కూడా జారదు. ఆండ్రే మాటను సాగదీసి, ఆలస్యం చేసి, దెబ్బ దాటాక దింపుతాడు. ఆ ఆలస్యం అందంగా వినబడుతోందంటే పక్కన ఒకడు కచ్చితంగా ఉన్నాడు కనుకనే. ఆక్వెమినై అన్న పేరే చూడండి: ఒకరి రాశి అక్వేరియస్, అంటే కుంభం; ఇంకొకరిది జెమినై, అంటే మిథునం. రెండూ కోసి కుట్టారు.

అందుకే 2003 ఆల్బం దగ్గర అభిమానులు రెండుగా చీలిపోతారు. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు: ఒక డిస్క్ ఆయనది, ఒకటి ఈయనది. దానికే 2004 గ్రామీల్లో ఉత్తమ ఆల్బం అవార్డు వచ్చింది. నా మట్టుకు నాకు అది వాళ్ళ ఉత్తమ ఆల్బం కాదు. పాటలు బాగున్నాయి, కానీ ఒకరి మాట మీద ఇంకొకరు ఎక్కే ఆ ఒరిపిడి చాలా తక్కువ. చార్టుల్లో ఆండ్రే 'హే యా!'ని మొదటి స్థానం నుంచి దింపింది బిగ్ బోయ్ పాటే. ఆ పోటీ పాటల్లో కూడా ఉంటే ఎంత బాగుండేది!

ఆ 'హే యా!' సంగతి చెప్పి ముగిస్తాను. పెళ్ళిళ్ళలో ఎగిరే పాటగా దానికి పేరొచ్చింది. మాటలు వింటే కలిసి ఉండలేక, విడిపోలేక నలిగే జంట గోడు. మీకు మాటలు అక్కర్లేదు, ఎగరడమే కావాలి అని పాటలోనే ఎత్తిపొడుస్తాడు ఆండ్రే. ఎగురుతున్నవాళ్ళు అదీ వినరు. తాళంలోనూ ఒక మెలిక ఉంది. నాలుగు, నాలుగు, నాలుగు, తర్వాత రెండే, మళ్ళీ నాలుగు, నాలుగు. మొత్తం 22 దెబ్బలు. ఆ రెండు దగ్గర కాలు తడబడాలి నిజానికి. ఎవరికీ తడబడదు.

నమ్మకపోతే ఇప్పుడే చూద్దాం. పాట వేయమని చెప్పాను. మీరు చప్పట్లతో లెక్కపెట్టండి, నాలుగో చోట రెండు దగ్గర ఆగండి. బయట వాదించుకుని ఇప్పుడు ముందు వరసలో కూర్చున్న మిత్రులిద్దరూ కూడా. ఆ, పెట్టండమ్మా.