చెయ్యి ఎత్తమంటే ఎత్తలేదు: ట్రయాజ్‌లో భాష గొడవ

[తెర మీద: రాత్రి. క్యాజువాలిటీ గుమ్మం. ఖాళీ స్ట్రెచర్లు.]

వాయిస్: 2014 జూన్ 28 సాయంత్రం. చెన్నై పోరూరు దగ్గర మౌలివాక్కంలో, కడుతున్న 11 అంతస్తుల బిల్డింగు కూలిపోయింది. 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది మన ఉత్తరాంధ్ర నుంచి పనికొచ్చిన కూలీలు. నేనప్పటికి చెన్నై రాలేదు. ఇక్కడ క్యాజువాలిటీలో నర్సుగా చేరాక మాత్రం ఆ సంగతి తరచూ గుర్తొస్తుంది. శిథిలాల్లోంచి తీసిన శ్రీకాకుళం మనిషిని తమిళంలో "కైయ తూక్కుంగ" (చెయ్యి ఎత్తండి) అంటే ఆయనకేం తెలుస్తుంది?

ఇది చిన్న విషయంలా ఉంది కదా? కాదు. ఎందుకో తెలియాలంటే ముందు ట్రయాజ్ తెలియాలి, అంటే ఎవరికి ముందు వైద్యం చెయ్యాలో తేల్చి రంగు ట్యాగు కట్టడం.

[తెర మీద: నాలుగు రంగుల ట్యాగులు.]

వాయిస్: ఒకేసారి 40 మంది వచ్చిపడితే ముందొచ్చినవాళ్లకు ముందు వైద్యం అనే లెక్క పనికిరాదు. పైగా ముందొచ్చేది తక్కువ దెబ్బలు తగిలినవాళ్లే. ఆటో ఎక్కి వచ్చేస్తారు, మంచాలన్నీ నిండిపోతాయి. అసలు ప్రమాదంలో ఉన్నవాళ్లు అంబులెన్సులో ఆ తర్వాత వస్తారు. అందుకే "నడవగలిగినవాళ్లంతా ఓపీ హాలు వైపు రండి" అని ముందే కేకేస్తాం. లేచి నడిచినవాళ్లకు ఆకుపచ్చ.

మిగిలినవాళ్లకు స్టార్ట్ అనే పద్ధతి. 1983లో కాలిఫోర్నియాలో తయారైంది. ఒక్కొక్కరికి నిమిషం లోపే. ఎరుపంటే వెంటనే వైద్యం కావాలని, పసుపంటే కాస్త ఆగొచ్చని. ఊపిరి నిమిషానికి 30 దాటిందా? ఎరుపు. గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి 2 సెకన్ల కంటే ఎక్కువ పట్టిందా? ఎరుపు. చీకట్లో గోరు కనిపించదు, అందుకని చాలాచోట్ల మణికట్టు నాడే చూస్తారు. ఇవి రెండూ బాగుంటే మూడోది: చెప్పిన మాట వింటున్నాడా? వినకపోతే ఎరుపు, వింటే పసుపు.

నలుపు గురించి కాస్త ఆగి చెప్పాలి. ఊపిరి లేదు, గడ్డం పైకెత్తి దారి తెరిచినా రాలేదు. మామూలు రోజైతే ఆరుగురం చుట్టూ చేరి ఛాతీ నొక్కుతాం. ఆ రోజు నల్ల ట్యాగు కట్టి పక్క మనిషి దగ్గరికి వెళ్లాలి. ట్రైనింగులో ఇది ఎన్నిసార్లు చెప్పినా, మొదటిసారి కట్టేటప్పుడు చెయ్యి ఆగుతుంది. మాక్ డ్రిల్ అని తెలిసినా నాకు ఆగింది.

[తెర మీద: మాక్ డ్రిల్. నేల మీద పడుకున్న యువకుడు, నుదుటి మీద ఎర్ర రంగు.]

వాయిస్: అదే డ్రిల్‌లో ఇంకో తప్పు చేశాను. దెబ్బ తగిలినట్టు పడుకున్న క్యాంటీన్ కుర్రాడిని తమిళంలో చెయ్యి ఎత్తమన్నాను. గుడ్లప్పగించి చూశాడు. ఎరుపు కట్టేశాను. అయిపోయాక నవ్వుతూ వచ్చి, "సిస్టర్, నాది ఒడిశా. మీరేమన్నారో అర్థం కాలేదు" అన్నాడు హిందీలో.

అందరూ నవ్వారు. మా ఇన్‌ఛార్జ్ అక్క మాత్రం నవ్వలేదు. "దీన్ని తిరగేసి ఆలోచించు" అంది. తలకు దెబ్బ తగిలి నిజంగానే అయోమయంలో ఉన్నవాణ్ణి చూసి, పాపం భాష రాదేమో అనుకుని పసుపు కడితే? అనవసరంగా ఎరుపు కడితే ఒక మంచం వృథా అవుతుంది, అంతే. ఎరుపు కావాల్సినవాడికి పసుపు కడితే మూల పడుకుని చనిపోతాడు. అనుమానముంటే ఎరుపే. తర్వాత మళ్లీ చూసి రంగు మార్చుకోవచ్చు. ట్రయాజ్ ఒక్కసారితో అయిపోయేది కాదు.

మాట రాకపోతే సైగ: నా పిడికిలి మూసి తెరిచి చూపిస్తాను. చూసి అలాగే చేస్తే చాలు.

[తెర మీద: డిజాస్టర్ ట్రాలీ, పక్కకు వేలాడే లామినేషన్ కాగితం.]

వాయిస్: ఆ డ్రిల్‌లో ట్యాగులున్న బీరువా తాళం ఇంటికెళ్లిపోయిన సూపర్‌వైజర్ బ్యాగులో ఉందని కూడా తేలింది. ఇప్పుడు ట్యాగులు తాళం లేని ట్రాలీలో ఉంటున్నాయి. దానికే ఒక కాగితం కట్టాం. "కళ్లు తెరవండి", "చెయ్యి ఎత్తండి", "నొప్పి ఎక్కడ?" అనే మూడు ముక్కలు తమిళం, తెలుగు, హిందీ, ఒడియా, బెంగాలీల్లో. తెలుగు వరస నేనే చెప్పాను. కేరళ సిస్టర్లు దాన్ని మలయాళం లిపిలో రాసుకున్నారు. వాళ్ల నోట అది "చెయ్యీ యెత్తండీ" అని సాగుతుంది. మొన్న క్యాజువాలిటీకి వచ్చిన నెల్లూరు పెద్దాయన అది విని, నొప్పిలోనే కాస్త నవ్వి, చెయ్యి ఎత్తాడు.