లేని మనిషి కోసం ఏడవడం

అందరికీ నమస్కారమండీ. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, బెజవాడ సభల్లో ముందు వరస ఎప్పుడూ ఖాళీయే, ఎందుకో మరి.

కథల్లో మనుషుల మీద మనకెందుకింత ప్రేమ అనేది ఇవాళ నాకిచ్చిన అంశం. దీనికి చాలామంది దగ్గర జవాబు రెడీగా ఉంటుంది: పనిలేక, లేదా తోడులేక. సీరియల్ చూస్తూ కళ్ళు తుడుచుకునే అత్తయ్యనీ, నవల పూర్తయ్యాక రెండు రోజులపాటు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడని ఇంజనీరింగ్ కుర్రాణ్ణీ ఇంట్లోవాళ్ళు ఈ మాటే అంటారు. నాకు ఈ జవాబు నచ్చదు, పైగా తప్పు కూడా. రేడియోలో, టీవీలో కనిపించే మనిషితో మనకి ఏర్పడే ఒకవైపు స్నేహం గురించి 1956లో హార్టన్, వోల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు రాశారు. మనకి వాళ్ళు తెలుసు, వాళ్ళకి మనం తెలియదు, అయినా చనువు చనువే. ఆ తర్వాత ఒంటరివాళ్ళలోనే ఇది ఎక్కువేమో అని కొందరు లెక్కగట్టి చూశారు. 1985లో టీవీ వార్తలు చదివేవాళ్ళ విషయంలో అలా చూస్తే ఒంటరితనానికీ దీనికీ సంబంధం కనిపించలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు ఇష్టమైన కార్యక్రమం పెట్టుకుంటే కాస్త తోడుగా ఉంటుందన్నది నిజమే, దాన్నీ పరిశోధించారు. కానీ నలుగురు పిల్లలు, అత్తమామలు, వచ్చిపోయే చుట్టాలతో క్షణం తీరికలేని ఇల్లాలు కూడా ఒక పాత్ర కోసం ఏడుస్తుంది. ఆవిడకి తోడులేక కాదుగా!

పోనీ, నిజమనుకుని ఏడుస్తున్నామా? అదీ కాదు. అప్పటి గుంటూరు జిల్లా బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు స్టేజీ మీద సత్యభామగా నడిచి వస్తే జనం మైమరచిపోయి చూసేవాళ్ళు. ఆయన మగవాడని టిక్కెట్టు కొన్న ప్రతివాడికీ తెలుసు, తెలిసే వెళ్ళారు. 1956లో ఆయనకి పద్మశ్రీ కూడా వచ్చింది. శశిరేఖ సంగతి ఇంకా విచిత్రం. వ్యాసుడి భారతంలో ఆ పిల్లే లేదు, అక్కడ అభిమన్యుడి పెళ్ళి ఉత్తరతో. అయినా 1957 నాటి మాయాబజార్ తర్వాత శశిరేఖ పెళ్ళి మన ఇంటి పెళ్ళి అయిపోయింది. మూలంలో లేదని పండితులు చెబితే విని తలూపుతాం, మళ్ళీ సినిమా వేస్తే మళ్ళీ కూర్చుంటాం.

కొలిన్ రాడ్‌ఫర్డ్ అనే తత్వవేత్త 1975లో దీన్నే పెద్ద చిక్కుప్రశ్నగా పెట్టాడు. ఎదుటివాడు చెప్పిన కష్టం అబద్ధమని తేలితే నా ఏడుపు అక్కడికక్కడే ఆగిపోతుంది కదా, మరి మొదటినుంచీ అబద్ధమని తెలిసిన కథకి ఏడుపెలా వస్తుంది అని. చివరికి ఇందులో తర్కం లేదని తేల్చేశాడు. మనవాళ్ళు ఇక్కడ కాస్త ముందున్నారని నా అభిప్రాయం, ఊరి అభిమానం అనుకోకండి. రంగస్థలం మీది దుఃఖం నాదీ కాదు, పక్కవాడిదీ కాదు, ఎవరిదీ కాకుండా అందరిదీ అవుతుందని భట్టనాయకుడు, ఆయన తర్వాత అభినవగుప్తుడు అనే అలంకారశాస్త్ర పండితులు వెయ్యేళ్ళ కిందటే చెప్పారు. నా సొంత కష్టమైతే రేపు ఏం చెయ్యాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి, డబ్బు ఎక్కడినుంచి తేవాలి అన్న టెన్షన్‌లో ఏడవడానికి కూడా టైము ఉండదు. కథలో కష్టానికి నేను చెయ్యాల్సిన పని ఏదీ లేదు కాబట్టి దాన్ని మొత్తంగా అనుభవించగలను. పరాయి చావుకి వెళ్ళిన మనిషి తనవాళ్ళ చావులో రాని ఏడుపంతా అక్కడ ఏడవడం మీరు చూసే ఉంటారు.

ఏడుపు సరే, ప్రేమ ఎందుకు? నాకు తోచిన కారణం ఒకటుంది. ముప్పై ఏళ్ళు కాపురం చేసినా పక్కన పడుకున్న మనిషి రాత్రి పైకప్పు చూస్తూ ఏం ఆలోచిస్తున్నాడో మనకి తెలియదు, అడిగితే "ఏం లేదు" అంటాడు. నవలలో మనిషి అలా అనడానికి వీల్లేదు. వాడి పిరికితనం, ఎవరికీ చెప్పుకోలేని అసూయ, అన్నదమ్ముడి మీద పెట్టుకున్న కక్ష, అన్నీ మన ముందు పరిచి ఉంటాయి. ఇన్ని తెలిశాక వాడు మంచివాడా చెడ్డవాడా అన్నది పెద్దగా పట్టదు. బయట అలాంటివాడు ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోతాం, పుస్తకంలో మాత్రం వాడి తరఫున వకాల్తా పుచ్చుకుంటాం.

అన్నీ రచయితే చెప్పేస్తాడనీ కాదు. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క ఏమిటండీ? రంగులు వేసిన మేకతోలు. వాళ్ళ పోట్లాటకి పిల్లా జెల్లా తెల్లవార్లూ నవ్వేవాళ్ళు. 1944లో హైడర్, సిమ్మెల్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ఒక చిన్న బొమ్మల ఫిలిం తీశారు. ఒక పెద్ద త్రిభుజం, చిన్న త్రిభుజం, ఒక గుండ్రటి చుక్క, తలుపు ఉన్న ఒక పెట్టె, అంతే, అవి అటూఇటూ కదులుతాయి. ఏం జరిగిందో చెప్పమంటే ముప్పైనలుగురిలో ఒక్కరే త్రిభుజాలుగా చెప్పారు. మిగతావాళ్ళకి పెద్దది దౌర్జన్యం చేసింది, చుక్క భయపడింది, చిన్నది కాపాడింది. గీతలకే ఇంత కట్టబెట్టే మనసు, పేరూ ఊరూ ఉన్న మనిషి దొరికితే ఊరుకుంటుందా? సగం మనిషిని మనమే తయారుచేస్తాం, అందుకే వదులుకోలేం. మన పాత్రని సినిమాలో వేరే ముఖంతో చూపిస్తే ఒళ్ళు మండేదీ అందుకే.

దీనికి కాలం కూడా తోడవుతుంది. వారపత్రికలో సీరియల్ వచ్చే రోజుల్లో వారమంతా ఆగాలి, ఆ ఆరు రోజులూ ఆ పిల్ల మన బుర్రలోనే ఉండేది. పేజీలు చింపి, వరసగా పెట్టి, బైండు చేయించి బీరువాలో దాచుకున్న ఇళ్ళు ఈ ఊళ్ళో ఎన్నో. అద్దె లైబ్రరీ పుస్తకాల అంచుల్లో పెన్సిలుతో "దీనికి పొగరు", "పాపం", "వాణ్ణి నమ్మకే తల్లీ" అని రాసి ఉండేవి. ముక్కూముఖం తెలియని పాఠకులు ఒక లేని మనిషికి ఇచ్చిన సలహాలవి! సాహిత్య విమర్శ అంటే నాకు ముందు అవే గుర్తొస్తాయి.

ఇందులో నిజంగా బాధపెట్టే భాగం ఒకటుంది, దాని గురించి తక్కువమంది మాట్లాడతారు. మేనమామ పోతే వీధంతా వస్తుంది, పదకొండో రోజు దాకా ఇంట్లో మనుషులుంటారు. ఇష్టమైన పాత్ర చచ్చిపోతే పలకరించేవాళ్ళుండరు, చెబితే నవ్వుతారు. మర్నాడు పొద్దున్నే బెంజిసర్కిల్ ట్రాఫిక్‌లో ఆఫీసుకి వెళ్ళాల్సిందే. 1893 డిసెంబరులో కోనన్ డాయల్ షెర్లాక్ హోమ్స్‌ని చంపేస్తే పాఠకులు కోపంతో ఉత్తరాలు రాశారు. చివరికి 1903లో ఆయన హోమ్స్‌ని మళ్ళీ బతికించాల్సి వచ్చింది. హోమ్స్ ఇంటి నంబరుకి వచ్చే ఉత్తరాలు 1930లలో ఎన్ని అయ్యాయంటే, ఆ చోట ఉన్న ఆర్థిక సంస్థ జవాబులు రాయడానికి ఒక మనిషిని పెట్టింది. ఇష్టమైన టీవీ పాత్ర ఇక కనబడకపోతే మీకెలా ఉంటుందని జొనాథన్ కోహెన్ అనే పరిశోధకుడు ప్రేక్షకుల్ని అడిగి, 2004లో ఆ సంగతి రాశాడు. పాత్రతో బంధం ఎంత గట్టిదైతే బాధ అంత ఎక్కువ, నిజమైన బంధాల్లో వదిలేస్తారేమోనని భయపడేవాళ్ళకి ఇంకా ఎక్కువ. అంటే కథ కోసం మనకి వేరే గుండె లేదు, ఉన్న ఒక్కదాన్నే రెండింటికీ వాడుతున్నాం.

ఒక్కటి మాత్రం నాకు బొత్తిగా నచ్చదు. గయ్యాళి అత్త వేషం వేసినావిణ్ణి బజార్లో పట్టుకుని తిట్టడం, ఫోన్లలో బూతులు రాయడం. పాత్ర మీద కోపం పాత్ర మీదే ఉండాలి. ఆవిడ కూరగాయలు కొనుక్కోవడానికి వచ్చింది.

నేను ఎక్కువే మాట్లాడాను. మైకు అటు పంపిస్తున్నాను. ఏ పాత్ర అంటే మీకు ఇష్టమో చెప్పేవాళ్ళు చాలామందే ఉంటారు, మీకు ఇంకా కోపం తగ్గని పాత్ర ఎవరో చెప్పేవాళ్ళు ముందు చెయ్యెత్తండి.