చేవ కర్రతో చేతిపని

శ్రోతలకు నమస్కారం. చేవ కర్ర, అంటే గట్టి కర్రతో ఇంట్లో చేతిపని ఎలా చేసుకోవాలో ఇవాళ చెప్పుకుందాం. బెంగళూరులో మల్లేశ్వరం, బసవనగుడి వైపు పాత ఇళ్లు పడగొట్టినప్పుడల్లా వాటి గుమ్మాలు, దూలాలు పాత కలప అమ్మే అడితీలకు చేరుతుంటాయి. అందులో టేకే కాదు, నల్లమద్ది, జిట్టేగి (రోజ్‌వుడ్) కూడా ఉంటాయి. ఏ జాతి కర్రో తేల్చుకోలేకపోతే మల్లేశ్వరం 18వ క్రాస్‌లో కేంద్ర ప్రభుత్వ కలప పరిశోధన సంస్థ ఉంది, ముక్క చూపించి అడగొచ్చు. మన సీమవాళ్లకు వెంటనే ఎర్రచందనం గుర్తొస్తుంది. నీళ్లలో వేస్తే మునిగేంత బరువు దానిది. దాని జోలికి వెళ్లకండి. దానికి ఉలి కంటే ముందు అనుమతి కాగితాలు కావాలి.

పాత చెక్క ఇంటికి రాగానే అంగుళం అంగుళం అయస్కాంతం తిప్పండి. లోపల విరిగిన మేకు ఒక్కటి చాలు, బ్లేడు అంచు పెచ్చులూడటానికి.

ఇక చిత్రిక, అంటే చెక్కను నునుపు చేసే పనిముట్టు. గట్టి కర్ర మీద అది ఆగిపోతే చాలామంది ఇంకా బలంగా తోస్తారు. తప్పు అక్కడే. బజారులో దొరికే ఇనప చిత్రికలో బ్లేడు 45 డిగ్రీల వాలులో ఉంటుంది. టేకుకు అది చాలు. జిట్టేగిలో పీచు ఒక పొరలో ఇటు, మరో పొరలో అటు తిరిగి ఉంటుంది కాబట్టి, ఎటు తోసినా ఎక్కడో ఒకచోట పేడు లేస్తుంది. అందుకని బ్లేడు చదునువైపు కొసన, సాన మీద 5 నుంచి 10 డిగ్రీల సన్నని వాలు తీయండి. కోత కోణం 50 నుంచి 55 డిగ్రీలకు పెరుగుతుంది, పేళ్లు తగ్గుతాయి. బ్లేడును బయటికి ఎక్కువ రానివ్వకండి. ఉల్లిపొరలాంటి పొట్టు వస్తే సరిగ్గా కుదిరినట్టు. అప్పటికీ మొండికేసిన చోట స్క్రేపర్ అనే స్టీలు రేకుతో గీకడమే.

ఉలికీ అంతే. మెత్తని కర్రకు 25 డిగ్రీల పదును సరిపోతుంది. చేవకు 30 నుంచి 35 ఉండాలి, లేకపోతే అంచు మడత పడుతుంది. సాన పట్టేటప్పుడు వెనకవైపు బొటనవేలితో తడమండి, అంచుకు అడ్డంగా, అంచు వెంబడి కాదు సుమా! సన్నని గరుకు ఈ కొస నుంచి ఆ కొస దాకా తగిలితే పదును అంచుకు చేరినట్టు. ఉలిని తిరగేసి ఆ గరుకును తీసేయాలి. టేకులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, మెత్తగా తెగుతూనే పదును తినేస్తుంది. సాన పక్కనే పెట్టుకోండి.

స్క్రూ బిగించే ముందు రంధ్రం తప్పనిసరి. డ్రిల్లును నిదానంగా నడిపి, మధ్యమధ్యలో బయటికి లాగి పొట్టు దులపండి. ఇత్తడి స్క్రూ అయితే ముందు అదే కొలత ఇనప స్క్రూను ఎక్కించి, తీసి, ఆ మరలోనే ఇత్తడిది దించాలి. నేరుగా తిప్పితే తల తెగి చేతికొస్తుంది. సబ్బు రాసే అలవాటు చాలామందికి ఉంది కానీ అది తేమను లాగుతుంది. కొవ్వొత్తి మైనం మేలు.

టేకు, జిట్టేగి జిడ్డు కర్రలు. అతికించే ముందు అసిటోన్‌తో తుడిచి, ఆరగానే జిగురు పెట్టాలి. ఆ సీసా మంటకు దూరంగా ఉండాలి. జిట్టేగి పొడి కొందరికి ఒంటిమీద దద్దుర్లు, ఆయాసం తెప్పిస్తుంది. మాస్కు పెట్టుకోండి, పొడిని నోటితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. నమస్కారం.