ఓటడిగేవాళ్లు ఎవరికి దణ్ణం పెడితే మనకేంటి?

వేదిక మీదున్న పెద్దలకి, లైబ్రరీ కమిటీవాళ్లకి నమస్కారం, పేరుపేరునా చెప్పాలనే ఉంది గానీ పది నిమిషాలే అన్నారు. 1950 జనవరి 25న ఎన్నికల సంఘం ఏర్పడింది, 2011 నుంచి ఈ రోజున ఓటర్ల దినోత్సవం చేస్తున్నాం, ఓటు విలువ గురించి చెప్పమన్నారు. చెప్తాను, కానీ ముందు మా మేనత్త సంగతి చెప్పనివ్వండి.

2013 పంచాయతీ ఎన్నికల్లో మా ఊరు ఎస్సీ మహిళకి రిజర్వ్ అయింది, మా అత్త నిలబడింది. కాలనీలో బోరు చెడిపోతే మూడు నెలలు మండలాఫీసు చుట్టూ తిరిగి బాగుచేయించింది ఆవిడే. ప్రచారం మూడోరోజుకి ఒక మాట లేచింది, ఈవిడ చర్చికెళ్తుందంట, గెలిచినా చెల్లదంట అని. కొడుక్కి జ్వరం తగ్గకపోతే ఎవరో రమ్మంటే రెండుసార్లు ప్రార్థనకెళ్లింది, అంతే.

పెద్దవీధిలో ఒక తాత అరుగు మీద వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ "ఏమ్మా, బొట్టు తీసేస్తావంటగా?" అన్నాడు. అత్త నోరు తెరిచేలోపు నేనే "లేదు తాతా, మా ఇంట్లో రోజూ దీపం పెడతారు, వచ్చి చూసుకో" అనేశాను. వీధి మలుపు దాటాక అత్త ఆగి "నేను ఎవరికి మొక్కితే బోరులో నీళ్లొస్తాయిరా? నువ్వెందుకు జవాబు చెప్పావ్?" అంది. నలభైమూడు ఓట్లతో ఓడిపోయింది.

నేనెందుకు భయపడ్డానో కూడా చెప్పాలి కదా. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా, 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు, క్రైస్తవుల్ని ముస్లింల్ని ఇప్పటికీ కలపలేదు. అంటే రిజర్వ్ సీట్లో నిలబడినవాళ్ల మతం సొంత విషయం కాదు, దాన్ని పట్టుకుని ఎవడైనా కోర్టుకి లాగొచ్చు. జనరల్ సీట్లో నిలబడేవాళ్లకి ఈ భయం లేదు. ఇదెక్కడి న్యాయం, మీరే చెప్పండి!

ఇంకోపక్క అదే దేశంలో మతం పేరు చెప్పి ఓటడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) కింద అవినీతి చర్య. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి 4-3తో ఏం చెప్పిందంటే, అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పే అని. ఎమ్మెల్యే అయినవాళ్లు దైవసాక్షిగా ప్రమాణం చెయ్యొచ్చు, దేవుడి పేరెత్తకుండానూ చెయ్యొచ్చు, రాజ్యాంగం రెండూ ఒప్పుకుంటుంది. ఎమ్మెల్యే నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్‌లో కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ఉంటాయి, అందులో ఏ దేవుణ్ణి నమ్ముతారో రాయమని ఉండదు.

అయితే ఒకటి, ఫలానా మతంవాళ్ల వీధికి రోడ్డు వెయ్యను అనేవాణ్ణి మాత్రం నిలదీసి అడగాలి, అది వాడి భక్తి కాదు, మన రోడ్డు. ఆ అరుగు మీద నేను అడగాల్సింది కూడా అదే, తాతా, బొట్టు సంగతి సరే, మీ వీధి కాలవ సంగతి అడగవేం అని. అడగలేదు. అత్త ఇవాళ ఇక్కడికొచ్చింది, వెనక వరసలో కూచుంది. అత్తా, తాతకి ఆ జవాబు నేను చెప్పకుండా ఉండాల్సింది.