పిల్లలకు వేర్వేరు అవయవాల్లో వచ్చే క్యాన్సర్లలో అవే జన్యువులు ఎందుకు పనిచేస్తూ ఉంటాయి?

తెరపై: నాగార్జునసాగర్ ఎడమ కాలువ, మిర్యాలగూడ వైపు వరి మడులు.

వ్యాఖ్యానం: మన శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ ప్రోటీన్లను తయారుచేయించే జన్యువులు సుమారు 20,000 ఉంటాయి. కంటి కణంలో ఉన్నవీ కాలేయ కణంలో ఉన్నవీ అవే. కాలువ ఒక్కటే అయినా ఏ తూము ఎంత ఎత్తారన్నదాన్ని బట్టి ఏ ఊరి మడికి నీరందేదీ తేలినట్టు, ఏ జన్యువు ఎంత పనిచేస్తున్నదన్నదాన్ని బట్టి అది ఏ కణమో తేలుతుంది. దీనినే జన్యు వ్యక్తీకరణ అంటారు. పనిచేసే జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఏ అనే నకలు తయారవుతుంది గనుక, కణితి ముక్కలోని ఆర్‌ఎన్‌ఏను కొలిచి ఈ తీరును తెలుసుకుంటారు.

తెరపై: మూత్రపిండం, కాలేయం, కండరం, అడ్రినల్ గ్రంథి బొమ్మలు.

వ్యాఖ్యానం: పెద్దల క్యాన్సర్లలో పొగాకు, ఎండ, వయసు వంటివి ఏళ్ల తరబడి డీఎన్‌ఏలో మార్పులను పేర్చుకుంటూ పోతాయి. పిల్లలకు అంత కాలం ఎక్కడిది? పిల్లలు, యువకులలో వచ్చే 24 రకాల క్యాన్సర్లను పరిశీలించి 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఈ మార్పులు పెద్దల క్యాన్సర్లలో కంటే సుమారు 14 రెట్లు తక్కువగా కనిపించాయి. నల్లగొండలో ఏ జబ్బు వచ్చినా మాట ముందుగా ఫ్లోరైడ్ నీళ్ల మీదికే పోతుంది. ఆ నీళ్లు పళ్లకూ ఎముకలకూ చేసే హాని నిజమే గానీ, ఈ కణితుల మూలాన్ని వెతకవలసింది గర్భంలోని శిశువు ఎదుగుదలలో.

శిశువు అవయవాలు ఏర్పడే దశలో కణాలను వేగంగా పెంచే కొన్ని జన్యువులు పనిచేసి, ఆ పని ముగియగానే తగ్గిపోవాలి. అవి తగ్గకుండా నిలిచిపోతే, అవయవం ఏదైనా కణితిలో కనిపించే తీరు కొంతవరకు ఒకేలా ఉంటుంది. ఐజీఎఫ్2 అనే జన్యువునే తీసుకుందాం. మామూలుగా తండ్రి నుంచి వచ్చిన ప్రతి (కాపీ) మాత్రమే పనిచేస్తుంది, తల్లి నుంచి వచ్చినది మౌనంగా ఉంటుంది. మూత్రపిండంలో వచ్చే విల్మ్స్ కణితి, కాలేయంలో వచ్చే హెపటోబ్లాస్టోమా, కండర కణాలను పోలిన రాబ్డోమయోసార్కోమా, ఈ మూడింటిలోనూ చాలాసార్లు ఆ కట్టడి తప్పి ఐజీఎఫ్2 మోతాదు మించుతుంది. బెక్‌విత్-వీడెమన్ అనే పుట్టుకతో వచ్చే స్థితి ఉన్న పిల్లలకు విల్మ్స్ కణితి, హెపటోబ్లాస్టోమా ముప్పు ఎక్కువగా ఉండడానికి ప్రధాన కారణం కూడా ఆ జన్యువున్న ప్రాంతంలోని తేడాలే. ఇదే విధంగా ఎమ్‌వైసీఎన్ జన్యువు ముఖ్యంగా తరచూ అడ్రినల్ గ్రంథిలో వచ్చే న్యూరోబ్లాస్టోమాలోనూ, మెదడులో వచ్చే కొన్ని మెడుల్లోబ్లాస్టోమాలు, కంటిలో వచ్చే కొన్ని రెటినోబ్లాస్టోమాలలోనూ ప్రతులు పెరిగి కనిపిస్తుంది.

అయితే పోలిక కనిపించినంత మాత్రాన అదంతా విలువైనదే అనుకోరాదు. కణ విభజనకు అవసరమైన జన్యువులు వేగంగా పెరిగే ప్రతి కణితిలోనూ ఎక్కువగానే పనిచేస్తాయి. వాటి గురించి ఎంత చెప్పినా ఆ కణితి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. నా దృష్టిలో అసలు లెక్కించవలసినది గర్భస్థ దశ నుంచి మిగిలిపోయిన జన్యువులనే.

తెరపై: సూక్ష్మదర్శిని కింద గుండ్రని నీలి కణాలు.

వ్యాఖ్యానం: న్యూరోబ్లాస్టోమా, ఎక్కువగా ఎముకల్లో వచ్చే యూయింగ్ సార్కోమా, రాబ్డోమయోసార్కోమా, తెల్ల రక్తకణాలలో ఒక రకమైన లింఫ్ కణాల క్యాన్సరైన లింఫోమా, ఈ నాలుగూ సూక్ష్మదర్శిని కింద చిన్న, గుండ్రని నీలి కణాలుగా కనిపించి వైద్యులను తికమక పెడతాయి. 2001లో పరిశోధకులు 96 జన్యువుల వ్యక్తీకరణను కంప్యూటర్‌కు నేర్పి ఈ నాలుగింటినీ వేరు చేయగలిగారు. పోలికలను వెతికే పనిముట్టే తేడాలనూ పట్టిస్తుందన్నమాట.

మహబూబ్‌నగర్, నల్లగొండల నుంచి హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో నిమ్స్‌కో వెళ్లే కుటుంబాల చేతికి వచ్చే ఇమ్యునో హిస్టో కెమిస్ట్రీ రిపోర్టు కూడా ఇటువంటిదే. అందులో కొలిచేది జన్యువు తయారుచేయించిన ప్రోటీన్‌ను. యూయింగ్ సార్కోమాలో సీడీ99 అనే ప్రోటీన్ పాజిటివ్ వస్తుంది, లింఫోమాలో ఒక రకమైన లింఫోబ్లాస్టిక్ లింఫోమాలోనూ చాలాసార్లు అదే వస్తుంది. ఈ రెండింటి చికిత్సలు వేర్వేరు గనుక, ఆ ఒక్క వరుసను చూసి జబ్బు పేరు ఖాయమైందని అనుకోకూడదు. లింఫోబ్లాస్టిక్ లింఫోమాను సూచించే టీడీటీ అనే ప్రోటీన్ వంటి వాటి పరీక్షలతో పాటు, అవసరమైనప్పుడు యూయింగ్ సార్కోమాలో సాధారణంగా జరిగినట్టు ఈడబ్ల్యూఎస్‌ఆర్1 జన్యువు తెగి మరో జన్యువుతో అతుక్కున్నదా అని చూసే పరీక్షను కూడా డాక్టర్లు అడగడానికి కారణం ఇదే.